నలభై నిమిషాల సోలో

ఎబెర్ పిరిస్ జూన్ నెల చలిలో చనిపోయాడు; భూమధ్యరేఖకు దిగువనున్న ఆ దేశంలో జూన్ చలికాలం, జనవరి ఎండాకాలం. ఆయన కంప్యూటర్ ఇంకో పదకొండు రోజులు బతికి అదీ పోయింది. లా తేహా పేటలో జనం ఈ రెండో చావుకే ఎక్కువ కంగారుపడ్డారు. ఎబెర్ మీద ప్రేమ లేక కాదు. 'వంతెన కింది నిద్రపట్టనివాళ్లు' అనే మూర్గా బృందానికి, అంటే కార్నివాల్ పండగకు ముఖాన రంగు పూసుకుని పాడే జట్టుకు, ఆయన ఇరవై రెండేళ్లుగా కట్టిన పాటలన్నీ ఆ డొక్కు పెట్టెలోనే ఉన్నాయి. కాగితం మీద ఒక్కటి కూడా లేదు. ఒక ఏడాది ఆయన గీసి పారేసిన వీడ్కోలు పాటను, అంటే ప్రదర్శన చివర పాడేదాన్ని, చెత్తబుట్టలోంచి ఏరుకుని మరో బృందం వాళ్లు ముందే పాడేశారు. అప్పటి నుంచి బృందానికి ఒకటే శాసనం: కాగితమెక్కితే వీధికెక్కినట్టే.

ఆ పెట్టెను బతికించే పని విల్మార్ తెచేరా మీద పడింది. పడక ఇంకెవరి మీద పడుతుంది? పేటలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతనిదే. బృందంలో రెండో వరస గొంతూ అతనిదే. పద్దెనిమిదేళ్లుగా మైకుల తీగలు చుట్టి, విప్పి, భుజాన మోసి, చివరికి అందరి నోటా 'కేబుల్' అయిపోయాడు. "కేబుల్, నీళ్లు కాగాయా?" "కేబుల్, ఆ కుర్చీ ఇటు జరుపు." యాభై ఒక్క ఏళ్ల మనిషిని పట్టుకుని తీగ పేరు పెట్టి పిలుస్తున్నారే అని ఒక్కడికీ తోచలేదు. తోచినా మానేవాళ్లు కాదు.

చచ్చిన పెట్టె నుంచి డిస్కు ఊడదీసి, దాన్ని ఉన్నదున్నట్టుగా ఒకే ఒక్క ఫైలుగా కాపీ చేశాడు విల్మార్. డిస్కు మొత్తం, దాని గదులు, గూళ్లు, మూలల్లో దుమ్ముతో సహా, ఒక్క ఫైలు. ఆ ఫైలును క్లబ్బులోని కొత్త కంప్యూటర్లో పెట్టి, మామూలు ఫోల్డరు తెరిచినట్టు తెరిచి చూపించాడు. పాత యంత్రాన్ని లేపనక్కర్లేదు, దాని పాస్‌వర్డు అడగనక్కర్లేదు. ఎబెర్ భార్య నిబియా పక్కన నిలబడి చూసింది. ఫొటోలు, బిల్లులు, ఎప్పుడో రాసి పంపని ఉత్తరాలు వరసగా కనిపించాయి.

"ఆయన గది తలుపు తీసినట్టుంది, విల్మార్," అంది ఆవిడ. కళ్లు తుడుచుకుని, "ఎవరు పడితే వాళ్లు ఇలా తెరిచేయొచ్చా?" అని అడిగింది.

"పని తెలిసినవాడైతే తెరవొచ్చు, దోన్యా నిబియా," అన్నాడు విల్మార్, పెద్దావిడను పిలిచే మర్యాదతో. "అందుకే మా పనిలో రెండు నియమాలు. ముందు నకలు తీసుకోవాలి, తర్వాతే చూడాలి. చూడటమే, లోపల ఏమీ రాయకూడదు. ఇక యంత్రం నడుస్తుండగా బయటి నుంచి చెయ్యి పెట్టడమంటారా, అది మహాపాపం."

"ఎందుకని?"

"ఒకే కుండ దగ్గర ఇద్దరు వంటవాళ్లు, ఒకరినొకరు చూసుకోకుండా ఉప్పు వేస్తే ఏమవుతుంది? అదే అవుతుంది."

ఆవిడకు ఇది బాగా నచ్చింది. పేటంతా చెప్పింది కూడా.

ఒక నకలు విల్మార్ తన కొట్టులో దాచాడు. రెండోది క్లబ్బు కంప్యూటర్లో ఉంచి, దాని లోపల ఎబెర్ పాత యంత్రం మళ్లీ నడిచేలా ఏర్పాటు చేశాడు. కంప్యూటర్ తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది, అందులో పాత నీలం తెర, ఎబెర్ పెట్టుకున్న తాటిచెట్ల బొమ్మ, స్వరాలు రాసుకునే ఆ పురాతనపు ప్రోగ్రామ్. కొత్త కంప్యూటర్లలో నడవనిది, ఇంకెవరి దగ్గరా లేనిది. విల్మార్ మొదటిసారి ఆ కిటికీ తెరిచిన సాయంత్రం బృందం మొత్తం చప్పట్లు కొట్టింది. జీవితంలో అతనికి పడ్డ చప్పట్లలో అవే పెద్దవి. అరనిమిషం పాటు అతను కేబుల్ కాడు.

ఆ తర్వాత నిబియా, తనకొక్కదానికే తెలిసిన ఆ యంత్రం పాస్‌వర్డు తీసుకెళ్లి మరియేలా చెవిలో చెప్పింది.

మరియేలా కుయిటిన్యోకు ముప్పై నాలుగేళ్లు. బృందంలో చేరి మూడేళ్లే అయింది. బడిలో సంగీతం చెబుతుంది, స్వరాలు రాయడం వచ్చు. ఎబెర్ చివరి రెండేళ్లు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. సగంలో ఆగిన ఈ ఏటి పాటలు పూర్తిచేయాల్సింది ఆమేనని బృందం నాయకుడు మిల్టన్ బర్రేయిరో తేల్చేశాడు. అంతా సబబే. సబబుగా ఉన్నదే విల్మార్‌కు గొంతులో ముల్లయింది. తప్పు పట్టడానికి ఒక్క సందు దొరికినా అతను ఇంత మండిపోయేవాడు కాదేమో.

ముందు వచ్చిన చెవుల కన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ కొమ్ములు ప్రతి మంగళవారం, గురువారం, శనివారం క్లబ్బు మూలగదిలో కూర్చుని ఎబెర్ యంత్రం ముందు పనిచేస్తుంటే, చెవులు బయట తీగలు చుట్టుకుంటూ ఉండేవి. తను బతికించిన యంత్రం! దాని తాళం ఆమె చేతిలో! విల్మార్ ఏదైనా పని మీద లోపలికి వెళితే మరియేలా ఒక మీట నొక్కేది, వెంటనే తాటిచెట్లు మాయమై పాస్‌వర్డు గడి వచ్చేది. అది బృందం నియమమే, వీడ్కోలు పాట ఎవరికీ ముందు చూపకూడదు. అతనికది ముఖం మీద తలుపు వేసినట్టే ఉండేది.

"ఏంటి కేబుల్, ఏమైనా కావాలా?" అనేది నవ్వుతూ.

"ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతోందా లేదా అని."

"తిరుగుతోంది. నువ్వే కదా బాగుచేసింది."

ఆ నవ్వు చూసి ఒళ్లు మండేది. మంచిగా నవ్విందని ఇంకా మండేది.

అసలు మంట మాత్రం ఫ్యానుదీ కాదు, పాస్‌వర్డుదీ కాదు. వీడ్కోలు పాటలో నాలుగు పాదాలు ఒక్కరే పాడతారు. మిగతా పదహారు మందీ ఆగిపోతారు, డోలు ఆగుతుంది, తాళాలు ఆగుతాయి, రంగు పూసిన ముఖాలన్నీ ఒక్కడి వైపు తిరుగుతాయి. కార్నివాల్ నెలంతా, పేటపేటకూ, వేదిక వేదికకూ ఆ నాలుగు పాదాలు వాడివే. జనం ఆ ఏటి ప్రదర్శన పేరు మరిచిపోతారు గానీ, సోలో పాడినవాణ్ణి రొట్టెల కొట్టు దగ్గర ఆపి మరీ పలకరిస్తారు. పద్దెనిమిదేళ్లలో అది విల్మార్‌కు ఒక్కసారి కూడా రాలేదు. చనిపోయే ముందు, ఆసుపత్రి మంచం మీద నుంచి ఎబెర్ అతని చెయ్యి పట్టుకుని, "ఈసారి నీ గొంతుకి పనుంది, విల్మార్," అన్నాడు. కేబుల్ అనలేదు, విల్మార్ అన్నాడు. ఆ మాటను అతను ఆరు నెలలుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే డోలు వాయించే చీచె, "అంటే ఆయన మంచం కిందకి దూరి ఆక్సిజను తీగ చూడమన్నాడేమోరా" అనేవాడు.

జనవరిలో ఒక శనివారం. ఎండ నెత్తిన ఉంది. మర్నాడు ఆదివారం వీడ్కోలు పాట అందరికీ మొదటిసారి నేర్పే రోజు, సోలో ఎవరిదో చెప్పే రోజు. మొదటి ప్రదర్శనకు ఇంకా పన్నెండు రోజులు. క్లబ్బులో మరియేలా, విల్మార్ తప్ప ఎవరూ లేరు. ఆమె యంత్రానికి తాళం వేసి, ఖాళీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని మూలగదిలోంచి బయటికొచ్చింది.

"మాటె టీకి వేడినీళ్లు అయిపోయాయి. అలాగే రొట్టెల కొట్టు నుంచి బిస్కోచోలు కూడా తెస్తాను. నీకు తియ్యనివా, ఉప్పువా?"

"ఏవైనా సరే."

"అబ్బ, విల్మార్, ఒక్కరోజైనా ఏదో ఒకటి కావాలని చెప్పవచ్చు కదా!" అంటూ వెళ్లిపోయింది.

వెళుతూ యంత్రం ఆపలేదు. కిటికీలో పాస్‌వర్డు గడి మాత్రం కనిపిస్తోంది. శనివారం మధ్యాహ్నం రొట్టెల కొట్టు ముందు వరస ఎంతుంటుందో పేటలో అందరికీ తెలుసు, నలభై నిమిషాలకు తగ్గదు.

విల్మార్ ముందు ఫ్యాను చూశాడు. తర్వాత కుర్చీ చూశాడు. తర్వాత కూర్చున్నాడు.

లోపలికి వెళ్లడానికి అతనికి పాస్‌వర్డు అక్కర్లేదు. యంత్రం మొత్తం ఒక ఫైలు. ఆ ఫైలును ఫోల్డరుగా తెరిచే చిన్న ప్రోగ్రామ్ అతనే రాసుకున్నాడు. అది ఎప్పుడూ ఒక ప్రశ్న అడుగుతుంది, ఆ ప్రశ్న పెట్టిందీ అతనే. ఇప్పుడూ అడిగింది: 'ఈ యంత్రం నడుస్తోంది. చదవడానికి మాత్రమే తెరవనా?' అవునని నొక్కాడు. చూడటమే కదా, చూస్తే ఏం పోతుంది?

ఎబెర్ గది తలుపు మళ్లీ తెరుచుకుంది. స్వరాల ఫైళ్లు ఆ పాత ప్రోగ్రామ్‌లో తప్ప తెరుచుకోవు. పక్కనే ఒక చిన్న మామూలు ఫైలుంది, పేరు 'ఎవరికేది'. తెరిచాడు. మొదటి గొంతులు వీళ్లు, పై గొంతులు వీళ్లు, రెండో గొంతులు వీళ్లు, అందులో చివర్న తన పేరు. అట్టడుగున ఒక్క వరస.

'సోలో: మరియేలా.'

విల్మార్ దాన్ని మూడుసార్లు చదివాడు. మరియేలా. తాళం ఆమెకిచ్చారు, కుర్చీ ఆమెకిచ్చారు, ఇక ఇదీ ఆమెకే. మరి ఆసుపత్రిలో పట్టుకున్న ఆ చెయ్యి? ఆ ముసలాడు చచ్చేముందు కూడా తనతో తీగలే చుట్టించుకున్నాడన్నమాట! ఏడుపు రాలేదు. ఆమె ఆ నాలుగు పాదాలు పాడుతుంటే నెలంతా రాత్రికి మూడు వేదికల మీద తను వెనక వరసలో నిలబడి, రంగు పూసిన ముఖంతో ఆమె వైపు తిరిగి వినాలి. జనం చప్పట్లు కొడుతుంటే తనూ తల ఊపాలి. ఆ తర్వాత ఆమె మైకు తీగ తనే చుట్టాలి.

ఫోల్డరు మూసేశాడు. ప్రోగ్రామ్‌ను మళ్లీ పిలిచాడు. 'ఈ యంత్రం నడుస్తోంది. చదవడానికి మాత్రమే తెరవనా?'

వద్దు అని నొక్కాడు.

కంచే చేను మేస్తే కాపాడేదెవరు? పేటంతటికీ నియమాలు బోధించిన మనిషి, నడుస్తున్న యంత్రంలోకి బయటి నుంచి చెయ్యి పెట్టి, మరియేలా అన్న మాట చెరిపి విల్మార్ అని రాశాడు. ఫైలును సేవ్ చేసి దాచాడు, మూశాడు, లేచాడు. అంతా కలిపి ఒక మాటె తాగినంతసేపు పట్టలేదు. రేపు మరియేలా ఆ ఫైలు తెరిచి చూసి, ఎబెర్ నిజంగా ఇలాగే రాశాడేమో, నేనే సరిగా చూడలేదేమో అనుకుంటుందని అతని ఆశ. తెలివితక్కువ ఆశ. అసూయ పట్టినవాడికి తన తెలివి మీద నమ్మకం ఎక్కువ.

ఆమె తిరిగొచ్చింది. బిస్కోచోల పొట్లం అతని చేతిలో పెట్టింది. "ఉప్పువే తెచ్చాను, నీ ముఖానికి తియ్యనివి నప్పవు," అంది. లోపలికెళ్లి తాళం తీసి, ఇంకో గంట పనిచేసి, దాచుకుని, యంత్రం ఆపి ఇంటికెళ్లింది.

ఆదివారం పొద్దున పదిన్నరకి పదిహేడు మందీ వచ్చారు. మిల్టన్ గిటారు తీగలు సవరించుకుంటున్నాడు. నిబియా కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. మరియేలా కంప్యూటర్‌ను హాల్లోకి తెప్పించి, అంటే విల్మార్ చేత మోయించి, ఎబెర్ యంత్రం కిటికీ తెరిచింది.

తాటిచెట్లు రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరిగెత్తాయి. పాత యంత్రం తన డిస్కులో ఏదో తేడా ఉందని కనిపెట్టి, తనంతట తానే బాగుచేసుకోవడం మొదలుపెట్టింది. దాని బాగు ఎలాంటిదంటే, లెక్క తేలని ప్రతిదాన్నీ కోసి పారేయడం. విల్మార్ ఆ అక్షరాలు చదివాడు. హాల్లో అవి చదవగలిగింది అతనొక్కడే. ఒకే కుండలో ఇద్దరి ఉప్పు. అతను బయటి నుంచి రాసింది యంత్రానికి తెలియదు. యంత్రం తర్వాత రాసింది అతని రాత మీదే పడింది. రెండూ కలిసి పట్టికను పాడుచేశాయి. ఏ ఫైలు ఎక్కడుందో ఇప్పుడు ఆ డిస్కుకే తెలియదు.

తాటిచెట్లు వచ్చేసరికి ఈ ఏటి ఫోల్డరు ఖాళీగా ఉంది.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఏం చేశావ్, తల్లీ?" అన్నాడు చీచె.

"నేనేం చేయలేదు! నిన్న దాచే వెళ్లాను."

"ఇరవై రెండేళ్లు ఎబెర్ చేతిలో ఒక్క స్వరం పోలేదు. నీ చేతికొచ్చి ఆర్నెల్లు కాలేదు," అన్నారు వెనక నుంచెవరో.

మిల్టన్ విల్మార్ వైపు చూశాడు. "ఒరే, నీకు తెలుసు కదా ఇవన్నీ. ఏమైందిది?"

దొంగకు తేలు కుట్టినట్టయింది విల్మార్ పని. "చూడాలి," అన్నాడు. "కొట్టుకి తీసుకెళ్లి చూడాలి."

రెండు రోజులు చూశాడు. నిజంగానే చూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తనకు తెలిసిన మరమ్మతు ప్రోగ్రామ్‌లన్నీ నడిపాడు. తునకలు దొరికాయి, పేర్లు లేని తునకలు, ఒక్కటీ తెరుచుకోలేదు. తన దగ్గర దాచిన జూన్ నకలు మాత్రం నిక్షేపంగా ఉంది. అందులో వీడ్కోలు పాట ఎబెర్ వదిలిన చోట ఆగి ఉంది. రెండో సగానికి గొంతుల అల్లిక లేదు, అది మరియేలా ఇన్ని నెలలు చేసిన పని. 'ఎవరికేది' ఫైలు కూడా ఉంది, 'సోలో: మరియేలా'.

ఆ రెండు రోజుల్లో అతనికి ఎలా ఉందో ఉన్నమాట చెప్పుకోవాలి. భయం వేసింది, సిగ్గు వేసింది. వాటి కింద, అన్నం అడుగున బెల్లం ముక్కలా, ఒక చిన్న తీపి. రొట్టెల కొట్టు దగ్గర జనం మరియేలా గురించి అంటున్నారు: కొత్త పిల్ల, చదువు ఎక్కువైంది, ఎబెర్ పెట్టెను పాడుచేసింది. విల్మార్ పక్కనే నిలబడి విన్నాడు. కాదని అనలేదు. ఇంకొంచెంసేపు అననీ అని నెమ్మదిగా పొట్లం కట్టించుకున్నాడు.

మంగళవారం సాయంత్రం, వెలుతురు ఉండగానే, అందరూ మళ్లీ చేరారు. మిల్టన్ పక్క పేటలో పాటలు కట్టే మనిషితో మాట్లాడానన్నాడు. జూన్ నకలు అతనికిచ్చి పూర్తిచేయిస్తాడట. మరియేలా గాయకుల వరసలో ఉండొచ్చు, పాటల జోలికి మాత్రం వద్దు. నిబియా తల దించుకుంది. పాస్‌వర్డు ఇచ్చింది తనే కదా.

మరియేలా వాదించలేదు. సంచీ భుజాన వేసుకుని లేచింది. అందరినీ దాటుకుని, గోడకు ఆనుకుని తీగ చుట్టుకుంటున్న విల్మార్ దగ్గరికొచ్చింది. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. శనివారం తను యంత్రంలో చేసిన ప్రతి పనీ వరసగా రాసుకొచ్చింది: ఎన్నింటికి తెరిచిందీ, ఎన్నిసార్లు దాచిందీ, ఎలా ఆపిందీ.

"విల్మార్, నువ్వొక్కడివే చెప్పగలవు. ఇందులో ఏ పని తప్పు చేశాను? రెండు రాత్రులుగా నిద్ర లేదు. తప్పు ఏదో తెలిస్తే చాలు, వెళ్లిపోతాను. ఇంకెప్పుడూ అది చేయకుండా ఉంటాను."

అతను కాగితం చదివాడు. పొందికైన టీచరమ్మ దస్తూరి. ఒక్క తప్పు లేదు. తప్పు లేని ఆ కాగితాన్ని పట్టుకుని, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి ఏదో ఒకటి చూపిస్తే అయిపోతుంది. ఎవరికి తెలుస్తుంది? ఆమె పోతుంది. తాళం పోతుంది, కుర్చీ ఖాళీ అవుతుంది. వేలు కాగితం దాకా వెళ్లింది కూడా.

"ఇందులో తప్పు లేదు," అన్నాడు. "నువ్వు బిస్కోచోలకు వెళ్లినప్పుడు నేను తెరిచాను. బయటి నుంచి, యంత్రం నడుస్తుండగా. లోపల రాశాను."

నిబియాకే ముందు అర్థమైంది, ఆమెకు కుండ సంగతి తెలుసు కాబట్టి. "మహాపాపమన్నావే!" అంది ఆవిడ.

"అవును, దోన్యా నిబియా."

"ఏం రాశావురా?" అన్నాడు మిల్టన్.

"సోలో ఎదురుగా మరియేలా అని ఉంది. చెరిపేసి నా పేరు రాశాను." ఒకసారి నోరు తెరుచుకున్నాక ఇక ఆగలేదు. "కుళ్లు. కుళ్లుకుని చేశాను. పద్దెనిమిదేళ్లు తీగలు మోశాను. ఈమె నిన్న గాక మొన్న వచ్చింది. ఆసుపత్రిలో ఎబెర్ నాకు మాటిచ్చినట్టే చెప్పాడు. అన్నీ ఆమెకే ఇచ్చారు, ఇదొక్కటైనా నాకు కావాలనిపించింది."

చీచె డోలు కర్ర కింద పెట్టేశాడు. ఎవరో ఒక బూతు మాట అన్నారు. మరియేలా మాత్రం కోపంగా లేదు. ఏదో లెక్క కుదరనట్టు చూస్తోంది.

"నా పేరు ఉందా? శనివారం?"

"నా కళ్లతో చూశాను."

"నేను నీళ్లకు వెళ్లినప్పుడా? నువ్వు చూసింది అప్పుడేనా?"

"అప్పుడే."

ఆమె సంచీ కిందకి జారింది. పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

"నేను వెళ్లేముందే మార్చాను," అంది. "అయిదు రోజులు కూర్చుని సోలోను నీ గొంతు శ్రుతికి దించాను. చుట్టూ ఉన్న అల్లికంతా విప్పి మళ్లీ కట్టాల్సొచ్చింది. శనివారంతో అది పూర్తయింది. 'ఎవరికేది' తెరిచి నా పేరు తీసేసి నీ పేరు రాశాను. దాచలేదింకా. నీళ్లు అయిపోయాయని తాళం వేసి వెళ్లాను. వచ్చీ రాగానే దాచాను."

దాచనిది డిస్కులో ఉండదు. యంత్రం జ్ఞాపకంలోనే ఉంటుంది. బయటి నుంచి తలుపు తీసినవాడికి కనిపించేది పాత సంగతే. కొత్త సంగతి లోపలి యంత్రానికే తెలుసు. ఈ మాట విల్మార్ తన కొట్టుకి వచ్చే ప్రతివాడికీ చెబుతాడు.

"ఎందుకు మార్చావు?" అనగలిగాడు.

"నీ మీద ప్రేమతో అనుకోకు," అంది మరియేలా. ఇప్పుడు కోపం వచ్చింది ఆమెకు, ఆలస్యంగా, నిజంగా. "ఆ మాటలు చూస్తే తెలుస్తుంది. నేను పాడితే పిల్లలు పాఠం అప్పజెప్పినట్టుంది. గొంతు కొంచెం అరిగిన మనిషి కావాలి దానికి. ఎబెర్ కూడా అదే అనేవాడు, 'విల్మార్‌కు కిందకి దించాలి, నాకు ఓపిక లేదు, ప్రస్తుతానికి నీ పేరు ఉంచుతున్నా' అని. ఆదివారం అందరి ముందూ చెబుదామనుకున్నాను. నీకు ఏదైనా ఒకటి కావాలని నువ్వు ఎప్పుడైనా నోరు తెరిచి అడిగితే శనివారమే చెప్పేదాన్ని."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని విల్మార్‌కు అనిపించింది.

పక్క పేట మనిషిని పిలవలేదు. మిల్టన్ అందరి ముందూ మరియేలాకు క్షమాపణ చెప్పాడు. ఆమె జూన్ నకలు ముందేసుకుని, బడికి ఎలాగూ వేసవి సెలవులే కాబట్టి రోజంతా కూర్చుని, గుర్తున్నదాన్ని గుర్తున్నట్టు మళ్లీ కట్టింది. ప్రతి సాయంత్రం ఒక నకలు తీసి దాచింది విల్మారే. ఎవరూ నమ్మి చేయించలేదు, అతను తప్ప చేయగలిగినవాడు లేక చేయించారు. పక్కన చీచె కాపలా కూర్చునేవాడు.

సోలో సంగతి మిల్టన్ తేల్చాడు. "ఎబెర్ నకల్లో ఎలా ఉందో అలాగే పాడదాం. పై స్వరంలో, మరియేలా పాడుతుంది. దించాలంటే ఇంకో అయిదు రోజులు కావాలి, మనకు లేవు." విల్మార్ వైపు తిరిగి, "ఒరే, ఇది శిక్ష కాదు. టైము లేదు, అంతే," అన్నాడు. శిక్ష అని ఉంటే విల్మార్ దాన్ని మోయగలిగేవాడు.

మొదటి ప్రదర్శన రోజు పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. వేదిక ముందు పేటంతా ఉంది. ఎగతాళి పాటలకు జనం పడీపడీ నవ్వారు. వీడ్కోలు పాట మొదలైంది. డోలు ఆగింది, తాళాలు ఆగాయి. పదహారు రంగు ముఖాలు మరియేలా వైపు తిరిగాయి. విల్మార్ ముఖం కూడా.

*వీధి దీపం ఆర్పకండి, నా దారిన నే పోతాను,*
*చెప్పులు చేత పట్టుకుని చప్పుడు లేక దాటుతాను.*
*తలుపు దగ్గరికి వేయండి, గడియ మాత్రం పెట్టకండి,*
*వచ్చే ఏటికి నా గొంతు ఈ ఇల్లు మరిచిపోతుందేమో.*

చాలా బాగా పాడింది. ఆమె చెప్పింది నిజమే, కొంచెం పాఠం అప్పజెప్పినట్టే ఉంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. విల్మార్ కూడా కొట్టాడు. ఆమె మీద కుళ్లు ఎక్కడుందా అని లోపల వెతుక్కున్నాడు. ఆమె మీద లేదు. అది పోలేదు, ఇంకొకడి మీదికి మళ్లింది.

ఒక శనివారం మధ్యాహ్నం, రొట్టెల కొట్టు ముందు వరస కదలనంతసేపు, ఆ యంత్రం లోపల ఒక విల్మార్ ఉన్నాడు. పద్దెనిమిదేళ్లకి సోలో దొరికినవాడు. వాడి గొంతు కోసం ఒకరు అయిదు రోజులు కూర్చుని పాట దించారు. ఆమె తిరిగొచ్చి, అప్పటికే చెడిన ఆ డిస్కులో దాచేదాకా నలభై నిమిషాలు బతికాడు. తను వాడి ఎదురుగానే, జానెడు దూరంలో, కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

ప్రదర్శన అయిపోయింది. వేదిక ఖాళీ అవుతోంది. "కేబుల్!" అని ఎవరో కేకేశారు. విల్మార్ వెళ్లి మరియేలా మైకు తీగ చుట్టడం మొదలుపెట్టాడు.